కానీ పొట్లం: ఖరగ్‌పూర్ మురీ, జపాను పొన్‌గాషి

కిందటి సంవత్సరం జపానునుంచి వచ్చిన ఒక మిత్రుడు చిన్న కాగితపు సంచి ఒకటి చేతికిచ్చి, ఇది అక్కడి పెద్దవాళ్ళ చిన్ననాటి తిండి, రుచి చూడమన్నాడు. అప్పుడు మేము ఖరగ్‌పూర్ గోల్ బజారులో ఉన్నాము. సంచి విప్పితే లోపల ఉన్నవి మరమరాలు! కొంచెం పొట్టిగా, బొద్దుగా, పైన సన్నని చక్కెరపాకం పూతతో ఉన్నవి. నోట వేసుకోగానే కరకరమని, మరుక్షణమే మంచు కరిగినట్టు కరిగిపోయినవి. శ్రీకాకుళం సంతలో బెల్లపు మరమరాల ఉండ కొరికిన ఎవరికైనా అది పరాయి రుచి కాదు. పక్కనే మురీ తట్ట ముందు పెట్టుకుని కూర్చున్న తెలుగు ముసలామెకు కూడ నాలుగు గింజలు ఇచ్చాము. ఆమె నెమ్మదిగా నమిలి, "బాగున్నాయి గానీ బాబూ, ఉప్పేయడం మరిచిపోయారు" అన్నది. ఆమె చేసిన విమర్శలో ఒక పాకశాస్త్ర రహస్యం ఉన్నది. దానిని తరువాత చెప్పుకుందాము.

ఆ తిండి పేరు పొన్‌గాషి. జపానులో ఇటువంటి చవక చిరుతిళ్ళన్నిటికీ కలిపి దగాషి అనే పేరు కలదు. తెలుగువాని చెవికి అందులో దగా ధ్వనిస్తుంది గాని, ఆ మాటకు అర్థం తక్కువరకం మిఠాయి అని మాత్రమే. ఎదో పాలనాకాలంలో తెల్లని చక్కెర అరుదైన వస్తువు. దానితో చేసిన మేలిరకం మిఠాయిలు సమురాయిలకూ ధనికులకూ దక్కేవి. సామాన్యుల పిల్లలకు నల్లచక్కెరతో, చిరుధాన్యాలతో చేసినవే గతి. ఒక్క మోన్ నాణేనికి దొరికే కారణంగా వాటిని ఒక మోన్ మిఠాయిలని కూడ పిలిచేవారు. అంటే మన భాషలో కానీ మిఠాయిలు అన్నమాట. ఒక దేశపు జనం తమ నాణేలలో అతి చిన్నదాని పేరు ఒక తిండికి పెట్టుకున్నారంటే, ఆ నాణెం ఎవరి పిడికిట్లో ఉండేదో వేరుగా చెప్పనక్కరలేదు.

మన వైపున ఈ స్థానం మరమరాలది. కోస్తాలో మరమరాలు, రాయలసీమలో బొరుగులు, తెలంగాణంలో పేలాలు అంటారు. ఉత్తరాంధ్రలో మాత్రం మురీ అనే మాట బాగా వాడుకలో ఉన్నది. విశాఖపట్నం సముద్రతీరాన సాయంత్రం వేళ దొరికే మురీ మిక్చరు పేరు ఎరుగనివారు లేరు. బెంగాలీలో ముడి, ఒడియాలో ముఢి. భాషల సరిహద్దుల దగ్గర చుంగచావడి పెట్టేవారు పెద్ద పెద్ద మాటలను పట్టుకుంటారు గాని, ఇటువంటి తేలిక మాటలు ఎవరి చేతికీ చిక్కకుండా అవతలికి జారిపోతవి. ఖరగ్‌పూర్ చేరిన తెలుగు కూలీకి బజారులో అడిగి కొనుక్కోగలిగిన తొలి వస్తువులలో మురీ ఒకటై ఉంటుందని ఊహించటం కష్టం కాదు. ఆ మాట అతని నోట అప్పటికే ఉన్నది.

అతడు ఖరగ్‌పూర్ ఎట్లా చేరాడన్నది రైలు చరిత్రతో ముడిపడిన సంగతి. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. బెజవాడనుంచి కటకం వరకు తూర్పు కోస్తా రైలుమార్గాన్ని 1893, 1896 సంవత్సరాల మధ్య నిర్మించారు. రూప్‌నారాయణ్ నదిపై కోలాఘాట్ వంతెన పూర్తికాగా 1900లో హౌరాకూ ఖరగ్‌పూర్‌కూ నేరుగా సంబంధం కుదిరింది. వాల్తేరుకు ఉత్తరాన ఉన్న తూర్పు కోస్తా మార్గం బి.ఎన్.ఆర్. అధీనంలోకి రావటంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం పల్లెలూ, మిడ్నపూర్ జిల్లాలోని ఈ ఎర్రమట్టి మైదానమూ ఒకే కంపెనీ పటంలో చేరినవి. అంతకు కొద్దికాలం ముందే, 1896-97లో, గంజాం, విశాఖపట్నం జిల్లాలను కరవు పీడించింది. పొలంలో గింజ లేని ఏట ఊరిముందు కొత్తగా రైలు ఆగినప్పుడు ఎక్కినవారిని ఎవరూ వలసదారులని పిలవలేదు. వారు పనికి వెళ్ళారు, అంతే. ఖరగ్‌పూర్‌లో కంపెనీ నెలకొల్పిన వర్క్‌షాపు భారతదేశంలోని అతి పెద్ద రైల్వే కర్మాగారాలలో ఒకటిగా పెరిగింది. మథురాకాటి, నింపురా వంటి రైల్వే పేటలలో తెలుగు కాపురాలు వెలసినవి. మారెమ్మకూ దుర్గమ్మకూ జాతరలు మొదలైనవి. ఆ ఊరి స్టేషను ప్లాట్‌ఫారం 1,072.5 మీటర్ల పొడవుతో చాలాకాలం ప్రపంచంలోకెల్ల పొడవైనదిగా ఉండి, 2013లో ఆ కీర్తిని గోరఖ్‌పూర్‌కు, అది 2023లో హుబ్బళ్ళికి, వదులుకున్నవి. ప్లాట్‌ఫారం పొడవును కొలిచినవారు కోకొల్లలు. దానిపై ఆ చివరనుంచి ఈ చివర వరకు తట్ట మోసి మురీ అమ్మినవారి నడకను ఎవరూ కొలవలేదు.

ఇక ఆ ముసలామె ఉప్పుమాట. మురీని ఉప్పుడుబియ్యంతో చేస్తారు. ధాన్యాన్ని నానబెట్టి, ఉడికించి, ఆరబెట్టి దంచితే గింజలోని పిండిపదార్థం ముందే ఒకసారి ఉడికి గట్టిపడి ఉంటుంది. ఆ బియ్యానికి ఉప్పునీరు పట్టించి, పెనంమీద సన్నసెగన కాస్త వేడిచేసి, పిమ్మట మండుతున్న ఇసుకలో పోసి ఈనెల కట్టతో చకచక తిప్పుతారు. గింజలోపలి కొద్దిపాటి తేమ ఒక్కసారిగా ఆవిరై, మెత్తబడిన పిండిని లోపలినుంచి తోసి ఉబ్బిస్తుంది. ఇదంతా కొన్ని క్షణాలలో జరిగిపోతుంది. ఇసుక జల్లెడ కిందికి, మురీ జల్లెడ పైన. ఉప్పు ఇక్కడ కేవలం రుచికోసం కాదు, గింజ బాగా విచ్చుకోవటానికి కూడ అవసరమని చేసేవారు చెబుతారు. పచ్చిధాన్యాన్నే వేయించితే వచ్చే పేలాలు వేరు. బెంగాలీలు వాటిని ఖోయ్ అంటారు. తొలి ఏకాదశినాడు మనం బెల్లం కలిపి దంచుకునే పేలపిండి ఈ జాతిదే. జయనగర్‌లో ఖర్జూరపు బెల్లంతో చేసే ప్రసిద్ధమైన మోవా కూడ ఖోయ్‌తో చేసినదే. దానికి 2015లో భౌగోళిక గుర్తింపు లభించింది. మామూలు మురీకి అటువంటి గౌరవాలేవీ అక్కరలేదు, అది అన్ని చోట్లా ఉన్నది గనుక.

రెండు భాషలలోనూ దీని చవకతనం సామెతలకెక్కింది. మురీకీ కలకండకూ ఒకటే ధర అని బెంగాలీలు వివేకంలేని బేరాన్ని ఎత్తిపొడుస్తారు. గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం అని మనవారు దొంగ ఔదార్యాన్ని వెక్కిరిస్తారు. గమనించదగ్గ విషయమేమంటే, రెండు సామెతలలోనూ ఈ తిండి విలువలేనిదానికి గుర్తు. నిజానికి కూలివాని మధ్యాహ్నానికి దీనిని మించిన విలువగల వస్తువు లేదు. వండనక్కరలేదు, గిన్నె అక్కరలేదు, రెండు రోజులకు పాడుకాదు, గుప్పెడు బియ్యం సంచెడు కనబడి పిల్లవాని కన్ను నింపుతుంది. మిడ్నపూర్ ప్రాంతంలో దీనిని చిరుతిండి అనటం కూడ తప్పే. ఘుగ్ని శనగలతోనో, నూనెలో వేసిన బజ్జీలతోనో కలిపి ఉదయాన భోజనంగా తింటారు. తెలుగు ఇళ్ళలో ఆవనూనె ఘాటు పడనివారు నిమ్మరసం పిండుకున్నారు, ఉల్లిపాయ, పచ్చిమిరప, వేయించిన వేరుశెనగ కలుపుకున్నారు. బెంగాలీ ఝాల్‌మురీ అమ్మేవాడు కొబ్బరిముక్కలు వేసి, ఆవనూనె సీసాను ఒక్కసారి విదిలించి, డబ్బాలో గరిటెతో గలగల కలిపి ఠోంగాలో పోసి ఇస్తాడు. ఆ పాత పత్రికల కాగితపు ఠోంగానే మనవారు పొట్లం అన్నారు. అందులో చుట్టి వచ్చిన కాగితం బెంగాలీ దినపత్రికదైతే, అక్షరాలు కూడబలుక్కుని బెంగాలీ చదవటం నేర్చుకున్న తెలుగు పిల్లలూ లేకపోలేదు.

1957 ఏప్రిల్‌లో దశాంశ నాణేలు వచ్చేదాకా లెక్క రూపాయికి పదహారణాలు, అణాకు నాలుగు కానులు. కానీతో కొనగలిగింది ఏదో పిల్లవానికి బాగా తెలుసు. ఆ తరువాత నయాపైసలు వచ్చినవి. పావలా, అంతకంటె చిన్న నాణేలు 2011 జూన్ నెలాఖరుతో చెల్లకుండా పోయినవి. జపానులో 1979లో వెలువడిన ఉమైబో అనే మొక్కజొన్నపిండి కడ్డీని పది యెన్ నాణేనికి నలభై ఏళ్ళకు పైగా అమ్ముతూ వచ్చారు. 2022లో దానిని పన్నెండు యెన్‌లకూ, 2024లో పదిహేనుకూ పెంచినప్పుడు అది అక్కడ జాతీయ వార్త అయింది. మన దగ్గర మురీ పొట్లం ధర పెరిగినట్టు ఏ పత్రికా రాయలేదు. పొట్లం సన్నబడింది, అంతే. ధర మార్చకుండా కొలత మార్చటం మన బజారు ఎప్పుడో కనిపెట్టిన విద్య.

ఈ తేలిక గింజల వెనుక బరువైన సంవత్సరాలున్నవి. 1927 ఫిబ్రవరిలో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికులు సమ్మెకు దిగారు. అదే ఏడు సెప్టెంబరులో, ఉద్యోగుల తగ్గింపు ప్రకటన మీద వివాదం మళ్ళీ ముదిరి, నెలల తరబడి కర్మాగారం తలుపులు మూతపడినవి. ఆ పోరాటంలో కార్మికుల పక్షాన ముందు నిలిచినవారిలో బరంపురానికి చెందిన తెలుగువాడు వరాహగిరి వెంకటగిరి ఒకరు. తరువాత 1969లో ఆయన భారత రాష్ట్రపతి అయ్యారు. జీతం లేని నెలలలో రైల్వే పేటల వంటిళ్ళు ఏ స్థితిలో ఉండి ఉంటవో, కూలి ఇంటి బియ్యం లెక్క తెలిసినవారికి వివరించనవసరం లేదు.

అంతకన్న బరువైనవి 1942 మొదలు 1945 వరకు గడచిన సంవత్సరాలు. జపాను సేనలు 1942 మార్చిలో రంగూనును పట్టుకున్నవి. అప్పటివరకు బెంగాలుకు వచ్చే బర్మా బియ్యం ఆగిపోయింది. విశాఖ, గంజాం, గోదావరి జిల్లాలనుంచి బర్మాకు వెళ్ళిన తెలుగువారు వేలసంఖ్యలో కాలినడకన తిరిగివచ్చారు. దారిలోనే ప్రాణాలు విడిచినవారు ఎందరో. ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలమీద బాంబులు వేసినవి. ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాలకు విశాఖ అంటే పటంలో ఊరు కాదు, పుట్టిల్లు. అక్టోబరు 16న మిడ్నపూర్ తీరాన్ని పెనుతుఫాను ముంచెత్తింది. అధికారిక లెక్క ప్రకారమే పద్నాలుగున్నర వేలమంది చనిపోయారు. మరుసటి ఏడు వచ్చిన కరవు బెంగాలులో పదిహేను లక్షలమందిని బలిగొన్నదని విచారణ సంఘం చెప్పింది. తరువాతి పరిశోధకులు ముప్పై లక్షల వరకు అంచనా వేశారు. యుద్ధకాలంలో రైల్వే యాజమాన్యం తన ఉద్యోగులకు ధాన్యపు దుకాణాలు నడిపింది. కనుక రైల్వే పేటలోని తెలుగువానికి బియ్యం చీటీ ఉన్నది, పేట కంచె అవతల పల్లెలోని బెంగాలీ రైతుకూలీకి అది లేదు. ఈ నిజాన్ని మన సంఘాల సావనీరులలో రాయటానికి మనకు కొంత మొగమాటం. కష్టపడి వచ్చి స్థిరపడ్డామని చెప్పుకోవటం సులభం. ఒక ఏడు మన చేతిలో చీటీ ఉండి పక్కవాని చేతిలో లేకపోయిందని చెప్పుకోవటమే కష్టం. అటువంటి కాలంలో ఉప్పుడుబియ్యాన్ని ఇసుకలో పోసి పిల్లల ఆటతిండి చేసే విలాసం ఎవరికుంటుంది?

1944 వచ్చేసరికి ఖరగ్‌పూర్ చుట్టూ ఉన్న ఎర్రనేల విమానాశ్రయాలతో నిండింది. కలైకుండా, దూద్‌కుండీ, పియార్‌డోబా, చాకులియాలలో అమెరికన్ల బి-29 బాంబర్లు దిగటానికి వేలాది కూలీలు బాటలు పొడిగించారు. ఆ విమానదళానికి ప్రధాన కార్యాలయం హిజ్లీ నిర్బంధ శిబిరపు భవనంలో పెట్టారు. 1931 సెప్టెంబరు 16న పోలీసుల తూటాలకు సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా నేలకొరిగిన చోటు అదే. 1951లో దేశపు తొలి ఐ.ఐ.టి. ప్రారంభమైన చోటూ అదే. ఇన్ని అవతారాలెత్తిన భవనాలు దేశంలో తక్కువ. ఆ విమానాలు ఇక్కడినుంచి ఇంధనం మోసుకుని హిమాలయాలు దాటి, చైనాలోని చెంగ్డూ దగ్గర ఆగి, 1944 జూన్ 15 రాత్రి జపాను యవాతా ఉక్కు కర్మాగారం మీద దాడి చేసినవి. చెంగ్డూ నుంచి 68 బయలుదేరగా 47 మాత్రమే గురి దగ్గర బాంబులు వేసినవి. కర్మాగారానికి తగిలిన దెబ్బ స్వల్పం. బి-29లు జపాను ప్రధాన ద్వీపాలమీద చేసిన తొలి దాడిగా అది చరిత్రలో నిలిచింది.

యవాతా పక్క ఊరు తొబాతా. 1963లో ఈ ఊళ్ళన్నీ కలిసి కితాక్యూషూ నగరమైనవి. సరిగా అక్కడే, ఆ యుద్ధపు రోజులలోనే, మా చేతికి వచ్చిన పొట్లంలోని తిండికి జపానులో యంత్రం పుట్టింది. ఒసాకా ప్రాంతంలో పాఠాలు చెప్పే ఒక యువ ఉపాధ్యాయిని, వంటచెరకు లేక పిల్లలు పచ్చిబియ్యం నమిలి కడుపునొప్పితో విలవిలలాడటం చూచింది. తక్కువ మంటతో ఎక్కువ గింజలను తినదగినవిగా చేయటమెట్లాగని ఆలోచించి, ధాన్యాన్ని పేల్చే యంత్రం చేయించటానికి ఇనుమూ, ఇనుపపనివారూ ఉన్న ఆ ఉక్కు పట్టణానికి వెళ్ళింది. యంత్రం సూత్రం తేలికే. బియ్యాన్ని మూతబిగించిన ఇనుప పీపాలో పోసి తిప్పుతూ వేడిచేస్తారు. లోపల ఒత్తిడి మామూలు గాలికి సుమారు పదింతలయ్యాక సుత్తితో మూత కొట్టి తెరుస్తారు. ఢామ్మని చప్పుడు, ఆవిరి మేఘం, తీగ బుట్టలో ఉబ్బిన బియ్యం. ఆ చప్పుడు జపానువారి చెవికి పొన్ అని వినిపించింది. గాషి అంటే మిఠాయి. యుద్ధం ముగిశాక ఈ యంత్రాలు బండ్లమీద వీథివీథికీ తిరిగినవి. తల్లులు ఇంటి బియ్యం గిన్నెలో పోసి పిల్లలచేత పంపేవారు. బండివాడు కొద్దిపాటి కూలి తీసుకుని పేల్చి, పాకం పట్టి ఇచ్చేవాడు. పిల్లలు చెవులు మూసుకుని నిలబడేవారు. బాంబుల చప్పుడు మరువని చెవులవి.

ధాన్యాన్ని పీపాలో పేల్చే విద్య అంతకుముందే అమెరికాకు తెలుసు. 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో కంచు ఫిరంగులనుంచి బియ్యం పేల్చి సందర్శకులకు అమ్మారు. అక్కడ అది వేడుక. ఇసుకలో వేయించే మన పద్ధతికి ఫిరంగీ వద్దు, పీపా వద్దు. ఉప్పుడు చేయటంలోనే ఆ పని సగం పూర్తి అయి ఉంటుంది. జపానువారు వాడేది పచ్చిబియ్యం. దానికి ముందు ఉడుకు లేదు గనుక బలవంతపు ఒత్తిడి కావలసి వచ్చింది. ఉప్పునీటి పని అక్కడ లేనేలేదు. గోల్ బజారు ముసలామె నాలుకకు తట్టిన లోటు అదే. ఇద్దరు స్త్రీలూ ఒకే ప్రశ్నకు జవాబు వెదికారు. చేతిలో ఉన్న కొంచెం బియ్యం, కొంచెం మంట పిల్లలకు చాలేట్టు చేయటమెట్లా? ఖరగ్‌పూర్‌నుంచి యవాతాకు బయలుదేరిన విమానాల లెక్క మనకు ఒక్కొక్కటిగా దొరుకుతుంది. రెండుచోట్లా బియ్యం పేల్చిన చేతుల లెక్క ఏ దళమూ రాసిపెట్టుకోలేదు. నా మట్టుకు నాకు ఈ రెండవ లెక్కే ఆ యుద్ధపు అసలు చరిత్రగా తోస్తుంది. యుద్ధ చరిత్రకారులు ఒప్పుకోకపోవచ్చు.

స్వాతంత్ర్యం తరువాతి కథ త్వరగా చెప్పవచ్చు. బి.ఎన్.ఆర్. 1944 అక్టోబరులోనే ప్రభుత్వపరమైంది. 1952లో తూర్పు రైల్వేలోనూ, 1955లో విడివడిన ఆగ్నేయ రైల్వేలోనూ చేరింది. 2003లో తూర్పు కోస్తా రైల్వే వేరుపడటంతో ఖరగ్‌పూర్, వాల్తేరులు వేరువేరు మండలాలలో పడినవి. తండ్రి తరువాత కొడుకు వర్క్‌షాపులో చేరే రోజులు పోయినవి. ఇంట తెలుగు మాట్లాడి, బజారులో బెంగాలీ, హిందీలు మాట్లాడే తరం పెరిగింది. తెలుగు లిపి చదవలేని తెలుగు పిల్లలు అక్కడ నేడు కొత్త కాదు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు ఆ రాష్ట్ర అధికారభాషలలో స్థానమివ్వటానికి నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాల కోరిక అది. కాగితంమీది గౌరవం ఇంటిలోని మాటను ఎంతవరకు నిలుపుతుందో కాలమే చెప్పాలి. మురీ పేరు మాత్రం ఏ ఉత్తరువూ లేకుండా నూరేళ్ళుగా రెండు భాషలలోనూ నిలిచి ఉన్నది.

ముప్పు దానికి మరొక దిక్కునుంచి వచ్చింది. పల్లె ఇళ్ళలో ఆడవారు ఇసుకలో వేయించే మురీ స్థానంలో మిల్లు మురీ వచ్చింది. యంత్రపు గింజ తెల్లగా, పెద్దదిగా ఉంటుంది. గింజ ఇంకా తెల్లబడటానికి, ఉబ్బటానికి యూరియా కలుపుతున్నారన్న ఆరోపణ బెంగాలులో చాలాకాలంగా ఉన్నది. చేతి మురీ కాస్త ఎర్రగా, సన్నగా, ఉప్పగా ఉండి, నీటిలో వేసినా కొంతసేపు కరకరలాడుతుంది. కొనేవాడు తెల్లదానినే ఏరుకుంటాడు. తెలుపును మేలిరకమనుకోవటం ఎదో కాలపు జపానువారు చక్కెర విషయంలోనూ చేశారు. మా ముసలామె తట్టలో రెండు రకాలూ ఉన్నవి. చేతి మురీని గోనెసంచిలో వెనుక దాచి ఉంచింది. అడిగినవారికే ఇస్తానన్నది. ఎవరడుగుతారని అడిగితే, మన తెలుగు ముసలివాళ్ళూ, పల్లెనుంచి వచ్చే బెంగాలీ ముసలివాళ్ళూ అని చెప్పింది.

పది రూపాయలకు ఒక పొట్లం కట్టమన్నాము. డబ్బాతో ఒకసారి నిండా కొలిచి పోసి, పైన పిడికెడు కొసరు వేసింది. జపాను సంచిలో మిగిలిన గింజలు కూడ అందులోనే కలపమంటే ఒక క్షణం ఆలోచించి, వాటిమీద కాసిని ఉప్పునీళ్ళు చిలకరించి, ఉల్లిపాయ తరగటం మొదలుపెట్టింది.